ఈత కొలను నిర్మాణంలో లోపాలు: గుత్తేదారుతో వివాద పరిష్కారం

సొంత ఇంటి ఆవరణలో నిర్మించిన ఈత కొలనులో నీరు కారుతున్నా, పలకలు ఊడిపోతున్నా గుత్తేదారుపై సేవాలోపం కింద ఫిర్యాదు చేయవచ్చు. గృహనిర్మాణం సేవ పరిధిలోకి వస్తుందని సుప్రీంకోర్టు 1993లో స్పష్టం చేసింది. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టంలోనూ ఇది ఉంది. వాణిజ్య అవసరాలకు కట్టించిన కొలనులకు మాత్రం ఈ రక్షణ వర్తించదు.

మరమ్మతు చేయించాక పాత లోపాన్ని నిరూపించడం కష్టం. కాబట్టి ముందే ఫొటోలు తీయించి, స్వతంత్ర ఇంజినీరు నివేదిక తీసుకోవాలి. ఆపై గుత్తేదారుకు రాతపూర్వకంగా నోటీసు పంపాలి. స్పందన లేకుంటే, చెల్లించిన సొమ్ము 50 లక్షల రూపాయలకు మించనప్పుడు జిల్లా వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయించవచ్చు. 5 లక్షల వరకు రుసుము లేదు. ఇరుపక్షాలు సమ్మతిస్తే మధ్యవర్తిత్వానికీ వీలుంది.

వివాద కారణం తలెత్తిన 2 సంవత్సరాలలోగా ఫిర్యాదు దాఖలు చేయాలి. గుత్తేదారుతో సంప్రదింపులు సాగుతున్నంత మాత్రాన ఆ గడువు ఆగదు.