సముద్రం లేని కోరమాండల్

నరసాపురం అనగానే ఆంధ్రదేశంలో పుట్టి పెరిగినవారికి వశిష్ఠ గోదావరి ఒడ్డు గుర్తుకు వస్తుంది. పదిహేడో శతాబ్దంలో ఓడలు కట్టిన రేవు అది. దాని పక్కనున్న మాధవాయపాలెం ఇంగ్లీషువారి నోట 'మడపొల్లం' అయి, ఒక రకం నూలుబట్టకు పేరుగా నిఘంటువుల కెక్కింది. మేము బయలుదేరిన నరసాపురం అది కాదు. ఇది కోలారు జిల్లాలోది; బెంగుళూరు నుంచి మద్రాసు వెళ్లే పాతదారి మీద, కోలారుకు ఇవతల ఉన్న ఊరు. చెరువులు, రాగిచేలు, ఈ పదిహేనేళ్లలో లేచిన స్కూటర్ల, ఫోన్ల కర్మాగారాలు. సముద్రం రెండువందల కిలోమీటర్ల పైమాటే.

మా విద్యార్థులలో ఎక్కువమంది బెంగుళూరు, హోసూరు, కోలారు వైపు తెలుగు ఇళ్ల పిల్లలు. విక్టోరియా రాణి కాలపు కట్టడాలున్న సముద్రతీర పట్టణం ఒకటి చూపించమని అడిగారు. భీమునిపట్నం వారి మనసులో ఉంది. దారిఖర్చు లెక్క చూసుకొని మేము వారిని కోలారు బంగారు గనులకు తీసుకుపోయాము. సముద్రం ఉంటుందా అని ఒక అమ్మాయి అడిగితే, స్టేషను పేరులో ఉంటుంది అన్నాము.

వేళాకోళానికి అన్నమాట కాదు. బంగారుపేటలో పెద్దలైను వదిలి గనులకు పోయే చిన్నలైను 1894 నాటిది. బంగారుపేట అంటే బంగారానికి దగ్గరున్న పేట అని అందరూ అర్థం చెప్పుకుంటారు. దాని మొదటి పేరు బౌరింగుపేట. 1862 నుంచి 1870 వరకు మైసూరు కమిషనరుగా ఉన్న బౌరింగు దొర పేరది. దొర పోయిన తరువాత శబ్దసామ్యమూ బంగారమూ కలిసి పేరును మన భాషల్లోకి లాగాయి. ఆ లైను మీద వరసగా కోరమాండల్, ఉరిగాం, ఛాంపియన్, చివర మారికుప్పం.

కోరమాండల్ తూర్పుతీరం పేరు కదా, ఈ పీఠభూమి మీదికి ఎలా వచ్చింది? ఇక్కడ తవ్విన కంపెనీల గనులలో ఒకదాని పేరు అది. మరొక గని పేరు నందిదుర్గం, ఇంకొకటి బాలాఘాట్. లండనులో వాటాలు కొనేవారికి ఇండియా పేరు ఏదైనా ఒకటే. అయితే కోరమాండల్ అన్నది చోళమండలం నుంచి వచ్చిందని ఎక్కువమంది అంగీకరించే వ్యుత్పత్తి (పులికాటు దగ్గరి కరిమణల్ ఊరి నుంచి వచ్చిందనే వాదమూ లేకపోలేదు). పదకొండో శతాబ్దంలో చోళులు ఈ కోలారు సీమను ఏలినప్పుడు దీనికి పెట్టిన పేరు నిగరిలి చోళమండలం, అంటే సాటిలేని చోళుని మండలం. కోలారమ్మ గుడిలో రాజేంద్రచోళుని కాలపు శాసనాలున్నాయి. బి. ఎల్. రైస్ ఈ జిల్లా శాసనాలను ఎపిగ్రాఫియా కర్ణాటికా పదవ సంపుటంగా 1905లో అచ్చువేసే నాటికి గని ఎప్పుడో తవ్వారు. పేరు పెట్టినవారికి తెలియకుండానే పాతపేరు తన చోటికి తిరిగి వచ్చింది. ఆ చివరనున్న మారికుప్పం సంగతీ అలాంటిదే. తీరం వెంట కుప్పమంటే బెస్తపల్లె, లోపలి సీమలో ఉత్త పల్లె.

1802లో సర్వే పని మీద వచ్చిన లెఫ్టినెంట్ జాన్ వారెన్, ఈ పల్లెలవారు మట్టి కడిగి బంగారు రవలు తీయడం చూసి రాసిపెట్టాడు. డెబ్బై ఏళ్లకు ఆ రాతను బెంగుళూరులో ఉన్న మాజీ సైనికుడు లావెల్ చదివి, 1873లో తవ్వడానికి మైసూరు ప్రభుత్వాన్ని అనుమతి అడిగాడు. 1880లో జాన్ టేలర్ అండ్ సన్స్ వచ్చారు. ఇంగ్లండు నైరుతి కొసనున్న కార్న్‌వాల్‌లో తగరపు గనులు దెబ్బతిని అక్కడి పనివాళ్లు లోకమంతా చెదిరిపోతున్న కాలం అది. వారిలో కొందరు ఇక్కడికి చేరారు. కార్న్‌వాల్‌కు మూడువైపులా సముద్రమే. ఎత్తైన పైకప్పులు, వరండాలు, గులాబీ తోటల బంగళాలు, గోల్ఫు మైదానం, 1885 నాటి క్లబ్బు, సెయింట్ మైకేల్ చర్చి చూస్తూ నడిస్తే తీరపు విడిది పట్టణంలో కావలసినవన్నీ అమర్చుకొని, సముద్రం ఒక్కటీ తేలేకపోయారని అనిపిస్తుంది. లిటిల్ ఇంగ్లండ్ అన్న పేరు ఊరికే రాలేదు.

కట్టడాలన్నిటినీ విక్టోరియా కాలానివనడం మాత్రం వాడుకమాట. రాణి 1901 జనవరిలో పోయింది. శివనసముద్రం జలపాతం నుంచి 92 మైళ్లు తీగ లాగి గనులకు విద్యుత్తు తెచ్చినది 1902 జూన్‌లో. బెంగుళూరు వీధిదీపాల కంటే మూడేళ్లు ముందు. తాగునీరు బేతమంగళం చెరువు నుంచి, అంటే పాలారుది. ఆపకుండా వదిలితే అది కుప్పం సీమ దాటి, తమిళదేశం మీదుగా మద్రాసుకు దక్షిణాన బంగాళాఖాతంలో, నిజమైన కోరమాండల్ తీరాన కలిసే నీరు. దొరల పూలకుండీలకు ఆ నీరే.

ఇంతవరకు చూసి మా వాళ్లు ఫొటోలు తీసుకొని సంతోషించారు. మేము వారిని బంగళాల నుంచి కార్మికుల లైన్ల వైపు తిప్పాము. మొదట్లో కూలీలు ఉన్నది వెదురు తట్టిళ్లలో. తట్టి కన్నడంలోనూ తమిళంలోనూ ఉన్న మాట, మన తడిక. ఊరికి రెండు వాస్తుశిల్పాలున్నాయి, ఒకటే ఫొటోకు నిలబడింది.

ఆ లైన్లలో తమిళులే ఎక్కువ, అందులో సందేహం లేదు. అయోతీదాస పండితుని బౌద్ధ ఉద్యమం ఇక్కడి దళిత కార్మికులలో వేళ్లూనింది. తమ మాటను వారు తమిళంలో అచ్చు వేసుకున్నారు. కాని ఉత్తర ఆర్కాటు నుంచి వచ్చారని రాసిన ప్రతివాడూ తమిళుడని అనుకోరాదు. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేదాకా చిత్తూరు, పలమనేరు, చంద్రగిరి, పుంగనూరు అన్నీ ఉత్తర ఆర్కాటులోవే. అంతకు ముందరి లెక్కలలో మనవాళ్లు జిల్లా పేరు కింద దాగిపోయారు. ఈ పొరపాటును మేమూ చాలాకాలం చేశాము.

లోపలి పని ఎలాంటిదో రిటైరైన ఒక కార్మికుడు మావాళ్లకు తెలుగులోనే చెప్పాడు. ఛాంపియన్ రీఫ్ గని 3,000 మీటర్ల పైచిలుకు లోతు. కిందికి పోయేకొద్దీ రాయి కాగుతుంది. మీది బరువుకు ఒక్కోసారి బండ తనంతట తానే పగులుతుంది. "లోన ఉన్నోడికి పైన వాన పడతా ఉండేది తెల్దు సార్" అన్నాడు. 1930లో వేలిముద్రలు వేయమన్నందుకు గనులన్నీ సమ్మెకు దిగాయి. 1956లో గనులు మైసూరు రాష్ట్రానికి, తరువాత కేంద్రానికి వచ్చాయి; 2001 ఫిబ్రవరి 28న మూతపడ్డాయి. నూట ఇరవై ఏళ్లలో సుమారు 800 టన్నుల బంగారం పోగా మిగిలినవి సైనైడు దిబ్బలు. గాలి వీచిన రోజున ఆ ధూళి బంగళా, లైను అని చూడదు.

తిరుగుదారిలో ఒక విద్యార్థి సంచిలోంచి కాగితం తీశాడు. అతని తాత ఛాంపియన్ రీఫ్ నుంచి నరసాపురం దగ్గరి పల్లెకు, ఇంటికి రాసిన ఉత్తరం. భాష తెలుగు, లిపి కన్నడం. కోలారు సీమలో ఇది వింత కాదు. ఇంట్లో తెలుగు, బళ్లో కన్నడం. పొద్దుటి నుంచి చర్చి గోడల మీది ఇంగ్లీషు తేదీలన్నీ గడగడ చదివిన పిల్లవాడు దీన్ని మాకు ఇచ్చి చదవమన్నాడు. కన్నడ లిపి అతనికి వచ్చు. అక్షరాలు వచ్చినా మాటలు అందలేదు. తాత పోయాక ఇంట్లో ఆ మాటలు అనేవారు లేరు. ఇలాంటి కాగితాలు ఎన్ని ఇళ్లలో ఉన్నవో, ఎన్ని ఇల్లు మారేటప్పుడు పొయ్యిలోకి పోయినవో. క్లబ్బు కట్టడాన్ని గురించి రాసినవారు పదిమంది ఉన్నారు. ఈ ఉత్తరాలను గురించి రాయవలసినవారు ఆ ఇళ్ల పిల్లలే. ఇంకెవరికీ ఆ గుమ్మం తెలియదు.

రైలు కోరమాండల్‌లో ఆగినప్పుడు ఆ అమ్మాయి కిటికీలోంచి బోర్డు చూసి, తెలుగులో ఎలా రాయాలి, కోరమాండల్ అనా చోళమండలం అనా అని అడిగింది. రెండూ రాసుకొమ్మన్నాము.

ఉత్తరం నకలు ఇప్పుడు మా పీఠంలో ఉంది. బియ్యం ధర, ఎద్దు జబ్బు, పండక్కి సెలవు దొరకదన్న కబురు తెలిశాయి. లోపలి పనికి సంబంధించిన మూడు మాటలు మాత్రం మాకు ఇంకా తెగలేదు. గనులలో పనిచేసిన పెద్దలు ఇంట్లో ఉన్న పాఠకులు రాస్తే నకలు పంపుతాము.