ఎమర్జెన్సీ ఎత్తివేశాక జగిత్యాల, సిరిసిల్ల

ఎమర్జెన్సీ గురించి రాసేవాళ్లు సాధారణంగా 1977 మార్చి 21 దగ్గర ఆగిపోతారు. ఆ రోజున దాన్ని ఎత్తివేశారు, ప్రజలు నియంతృత్వాన్ని ఓడించారు, కథ కంచికి. ఉత్తర భారతం మట్టుకు ఇందులో నిజం ఉంది. కాని ఆ ఎన్నికల్లో ఆంధ్రప్రదేశ్‌లోని 42 లోక్‌సభ స్థానాల్లో 41 కాంగ్రెసే గెలిచింది. జనతా పార్టీకి దక్కింది నంద్యాల ఒక్కటే. అంటే నియంతృత్వం నుంచి బయటపడటమనే ప్రక్రియ మన దగ్గర బ్యాలెట్ పెట్టెలో జరగలేదు. అది ఎక్కడ జరిగిందో చూడాలంటే కరీంనగర్ జిల్లా పల్లెల్లోకి పోవాలి.

నేనప్పుడు కరీంనగర్‌లో డిగ్రీ చదువుతున్నాను. ఎమర్జెన్సీ పోయిందని తెలిసిన రోజు మాకు తెలిసిన వకీలు ఒకాయన అందరికీ చాయ్ పోయించాడు. "సార్, ఇది బూర్జువా స్వేచ్ఛ, దీనికింత సంబరమా?" అన్నాను. ఆయన నవ్వి ఊరుకున్నాడు. ఆ మాట మాలో చాలామందికి ఊతపదం. దాన్ని పూర్తిగా వాపసు తీసుకోను. కాని అందులోని తేలికతనానికి మాత్రం ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను.

ఎందుకంటే ఆ "బూర్జువా స్వేచ్ఛ" లేకపోతే ఏమవుతుందో మన పక్క జిల్లాలోనే రుజువైంది. ఆదిలాబాద్ జిల్లా రైతులు భూమయ్య, కిష్టాగౌడ్‌ల ఉరిశిక్ష ఎమర్జెన్సీకి ముందు ఆగుతూ వచ్చింది. న్యాయవాదులు కోర్టు తలుపు తట్టగలిగారు, రచయితలు, మేధావులు సంతకాలు సేకరించగలిగారు. ఆ దారులు మూసుకుపోయాక 1975 డిసెంబర్ 1న ముషీరాబాద్ జైలులో వాళ్లిద్దర్నీ ఉరితీశారు. మరో అయిదు నెలలకు, 1976 ఏప్రిల్ 28న, ఎమర్జెన్సీలో నిర్బంధితుడికి హెబియస్ కార్పస్ అడిగే హక్కు లేదని సుప్రీంకోర్టు నలుగురు న్యాయమూర్తుల మెజారిటీతో తీర్పు చెప్పింది. కాదన్నది జస్టిస్ హెచ్.ఆర్. ఖన్నా ఒక్కరే. ఆ తీర్పు తప్పని అదే కోర్టు ఒప్పుకోవడానికి 2017 దాకా పట్టింది.

ఇక్కడ ఒక విచిత్రం ఉంది. వెట్టి నిర్మూలన చట్టం వచ్చింది కూడా ఎమర్జెన్సీలోనే. 1975 అక్టోబర్‌లో ఆర్డినెన్సు, 1976లో చట్టం. కాగితం మీద దేశంలో వెట్టి రద్దయింది. జగిత్యాల, సిరిసిల్ల తాలూకాల్లో మాత్రం చాకలి, మంగలి, కుమ్మరి గడీకి పోతూనే ఉన్నారు, జీతగాడు అప్పు కింద తరతరాలుగా నలుగుతూనే ఉన్నాడు. చట్టం అమలు కావాలంటే అది ఉందని ఒకరు చెప్పాలి, పదిమంది కూడాలి, ఒకడు లేచి అడగాలి. చెప్పడం, కూడటం, అడగటం - ఈ మూడింటినీ నిషేధించిన ప్రభుత్వమే వెట్టిని రద్దు చేశానన్నది! ఉదారవాద విలువలు పట్నపు చదువరుల వ్యవహారమని అనుకునేవాళ్లు ఈ ఒక్క విషయాన్ని ఆలోచించాలి.

1977 తర్వాత జైళ్ల నుంచి బయటికొచ్చినవాళ్లు ఊళ్లకు చేరారు. వాళ్లతోపాటు విద్యార్థులూ వచ్చారు. పాటలు వచ్చాయి, రైతుకూలీ సంఘాలు వచ్చాయి. అడిగిన కోరికలు చూస్తే ఆశ్చర్యమేస్తుంది: కూలిరేట్లు పెంచాలి, వెట్టి ఆపాలి, దొరల ఆక్రమణలో ఉన్న బంజరు భూములు వదలాలి, పంచాయితీల పేరుతో గుంజిన జరిమానాలు తిరిగివ్వాలి. వీటిలో చాలామటుకు అప్పటికే ప్రభుత్వ చట్టాల్లో ఉన్నవే. 1978 సెప్టెంబర్ 7న జగిత్యాలలో జరిగిన జైత్రయాత్రకు వేలమంది నడిచి వచ్చారు. "నీ బాంచెన్" అనడం తప్ప దొర ముందు మరో మాట ఎరగని మనుషులు తాలూకా కేంద్రపు వీధుల్లో తలెత్తి నడవడమే ఆ రోజు జరిగిన అసలు సంఘటన. మాట వినని దొరలను ఊళ్లు సాంఘికంగా బహిష్కరించాయి. చాకలి బట్టలు ముట్టలేదు, మంగలి గడ్డం గీయలేదు. కొందరు దొరలు గడీలకు తాళాలేసి పట్నం చేరారు.

అక్టోబర్‌లో ఈ రెండు తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించారు. వాడింది 1948 నాటి చట్టం. తెలుగు కమ్యూనిస్టుల మీద ప్రయోగించడానికి ఉమ్మడి మద్రాసు ప్రభుత్వం తెచ్చింది. అయిదుగురు కూడితే కాల్పులు జరిపే అధికారాన్ని అది సబ్ ఇన్‌స్పెక్టర్‌కిచ్చింది. ఎమర్జెన్సీ సాగింది 21 నెలలు. అది పోయి 19 నెలలు తిరగకుండానే ఈ పల్లెలకు మరో పేరుతో తిరిగొచ్చింది. అదే 1978లో, ఎమర్జెన్సీలోనైనా జీవించే హక్కును సస్పెండ్ చేయకూడదంటూ పార్లమెంటు 44వ సవరణను ఆమోదించింది. ఢిల్లీలో హక్కుకు గోడ కడుతున్నప్పుడే జగిత్యాలలో దాని తలుపు ఊడదీశారు.

ఎన్‌కౌంటర్ల సంగతీ ఇంతే. తార్కుండే కమిటీ నిజాలు బయటపెట్టాక 1977లో జస్టిస్ భార్గవ కమిషన్ వేశారు. విచారణ రహస్యంగా సాగాలని ప్రభుత్వం పట్టుబట్టింది. కమిషన్ పని మధ్యలోనే ముగిసింది. ఫ్రాంకో పోయాక స్పెయిన్ 1977లో చేసిన క్షమాభిక్ష చట్టం రాజకీయ ఖైదీలను విడిచింది, హింసించిన అధికారులనూ కాపాడింది. మన దగ్గర చట్టం కూడా అవసరం కాలేదు.

మన వైపు కూడా ఒక ప్రశ్న వేసుకోవాలి. గడీ పంచాయితీ పోయిన చోట సంఘం పంచాయితీ వచ్చింది. దొర గుంజిన డబ్బు కక్కించడం న్యాయమే. కాని సంఘంలోనే తీర్పును కాదన్న పేదవాడికి నోరు విప్పే చోటు ఎంత మిగిలింది? ఆ కాలం మీద వచ్చిన మన కథల్లో దొర పతనం వందసార్లు ఉంది, ఆ కాదన్న మనిషి ఎక్కడో గాని కనిపించడు. నేనూ అతని మీద ఒక్క కథా రాయలేదు.

1981 ఏప్రిల్ 20, సోమవారం, ఇంద్రవెల్లిలో సంత రోజు. గిరిజన రైతుకూలీ సంఘం సభకు ముందు అనుమతిచ్చి తర్వాత రద్దు చేశారు. ఆ సంగతి తెలియని గోండులు గూడేల నుంచి నడిచి వస్తూనే ఉన్నారు. పోలీసు కాల్పుల్లో చనిపోయింది 13 మంది అని ప్రభుత్వం చెప్పింది. పౌరహక్కుల సంఘాలు అంతకు ఎన్నో రెట్లన్నాయి. అక్కడ లేపిన స్తూపాన్ని ఒకసారి కూల్చారు, మళ్లీ కట్టారు. ఆ తర్వాత ఎన్నో ఏళ్లపాటు ఏప్రిల్ 20 వచ్చిందంటే దాని చుట్టూ 144వ సెక్షన్ పెడుతూ వచ్చారు. జగిత్యాల, సిరిసిల్ల 2016లో జిల్లాలయ్యాయి.