ఎవరికీ అక్కర్లేని ఆటగాళ్లతో మొదలై కప్ కొట్టేసింది.. వేగాస్ గోల్డెన్ నైట్స్ కథ సీజన్ల వారీగా..

ఐపీఎల్‌లో కొత్త టీమ్ వస్తే వేలంలో స్టార్లను కొనుక్కోవచ్చు. 2022లో గుజరాత్ టైటాన్స్ అలాగే వచ్చి తొలి సీజన్‌లోనే కప్ కొట్టింది. కానీ అమెరికా, కెనడా టీమ్‌లు ఆడే నేషనల్ హాకీ లీగ్‌లో (ఎన్‌హెచ్‌ఎల్) రూల్ వేరు. అక్కడ కొత్త టీమ్‌కు దొరికేది మిగతా టీమ్‌లు కాపాడుకోని ఆటగాళ్లే. అలాంటి వాళ్లతో మొదలైన టీమే వేగాస్ గోల్డెన్ నైట్స్. తొలి ఏడాదే ఫైనల్ ఆడింది. ఆరో ఏడాది కప్ గెలిచింది. అయితే ఆ కప్ కోసం తనను నిలబెట్టిన వాళ్లనే ఒక్కొక్కరిగా పంపించేసింది కూడా. ఆ కథేంటో చూద్దాం.

ముందుగా రూల్స్ రెండు ముక్కల్లో..

మంచు మీద ఒక్కో వైపు గోల్‌కీపర్‌తో కలిపి ఆరుగురు ఆడతారు. బంతి బదులు పక్ అనే గట్టి రబ్బరు బిళ్ల ఉంటుంది. ఈ కథలోని సీజన్లలో మామూలుగా ఒక్కో టీమ్‌కు 82 మ్యాచ్‌లు. గెలిస్తే 2 పాయింట్లు. అదనపు సమయంలో గానీ షూటౌట్‌లో గానీ ఓడితే 1 పాయింట్ వస్తుంది. ఆ తర్వాత ప్లేఆఫ్స్. ప్రతి రౌండ్‌లో ఏడు మ్యాచ్‌లకు నాలుగు గెలిచిన టీమ్ ముందుకెళ్తుంది. చివరికి దక్కేదే స్టాన్లీ కప్.

టీమ్ ఎలా పుట్టింది?

వ్యాపారవేత్త బిల్ ఫోలీ 50 కోట్ల డాలర్ల ఫీజు కట్టి లీగ్‌లో 31వ టీమ్‌ను తెచ్చుకున్నారు. పెద్ద లీగ్‌లో ఆడే సొంత టీమ్ లాస్ వేగాస్‌కు అదే మొదటిది. ఎడారి ఊళ్లో ఐస్ హాకీ ఏంటని నవ్వినవాళ్లూ ఉన్నారు. ఫోలీ మాత్రం మూడేళ్లలో ప్లేఆఫ్స్, ఆరేళ్లలో కప్ అని ముందే టార్గెట్ చెప్పేశారు.

2017 జూన్‌లో ఆటగాళ్ల ఎంపిక జరిగింది. పాత టీమ్‌లు 30. ఒక్కో టీమ్ తన ముఖ్యమైన వాళ్లను కాపాడుకోవచ్చు. మిగిలిన వాళ్లలోంచి టీమ్‌కు ఒక్కరిని వేగాస్ తీసుకోవాలి. అలా పిట్స్‌బర్గ్ నుంచి గోల్‌కీపర్ మార్క్ ఆండ్రే ఫ్లూరీ వచ్చాడు. కొలంబస్ నుంచి విలియం కార్ల్‌సన్ వచ్చాడు. అంతకుముందు సీజన్‌లో అతను కొట్టింది 6 గోల్సే. ఫ్లోరిడా అయితే 30 గోల్స్ కొట్టిన జొనాథన్ మార్షెసోను వదిలేసింది. అతనితో పాటు రైలీ స్మిత్‌ను కూడా ఇచ్చేసింది. ఈ ఫ్లోరిడా పేరు గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తుంది.

తమను ఎవరూ వద్దనుకున్నారు కాబట్టి ఆటగాళ్లు తమకు తామే పెట్టుకున్న పేరు గోల్డెన్ మిస్‌ఫిట్స్.

2017-18: 51 విజయాలు, 109 పాయింట్లు.. ఫైనల్లో ఓటమి

సీజన్ మొదలవడానికి కొద్ది రోజుల ముందు, 2017 అక్టోబర్ 1 రాత్రి లాస్ వేగాస్‌లో ఘోరం జరిగింది. ఓ మ్యూజిక్ ఫెస్టివల్‌పై దుండగుడు హోటల్ గదిలోంచి కాల్పులు జరిపాడు. అప్పటి లెక్క ప్రకారం 58 మంది చనిపోయారు. గాయాలతో తర్వాత మరణించిన వారితో కలిపి ఆ సంఖ్య 60కి చేరింది.

అక్టోబర్ 10న సొంతగడ్డపై తొలి మ్యాచ్. సంబరాలన్నీ పక్కన పెట్టేశారు. ఆటగాళ్లు ఆ రాత్రి సాయం చేసిన పోలీసులు, డాక్టర్లు, ఫైర్ సిబ్బందితో కలిసి మంచు మీదికొచ్చారు. 58 సెకన్లు మౌనం పాటించారు. అప్పటికే ఏళ్లుగా వేగాస్‌లో కాపురం ఉంటున్న డెరిక్ ఎంగెలాండ్ మైక్ పట్టుకుని ఊరికి అండగా ఉంటామని మాటిచ్చాడు. కాసేపటికే గోల్ కూడా కొట్టాడు. ఆ మ్యాచ్‌లో ఆరిజోనాపై 5-2తో గెలిచారు. హాకీ అంటే తెలియని ఊరు ఆ రోజుతో ఈ టీమ్‌ను సొంతం చేసుకుంది.

ఆ తర్వాత అంతా మాయలాగే నడిచింది. కార్ల్‌సన్ 43 గోల్స్ కొట్టాడు. కోచ్ జెరార్డ్ గాలంట్ ఉత్తమ కోచ్ అవార్డు అందుకున్నాడు. మార్చి 31న 58 నంబర్ జెర్సీని శాశ్వతంగా రిటైర్ చేశారు. ప్లేఆఫ్స్‌లో లాస్ ఏంజెలెస్‌ను 4-0తో, శాన్ హోసేను 4-2తో, విన్నిపెగ్‌ను 4-1తో పంపించేశారు. ఫైనల్లో మాత్రం తొలి మ్యాచ్ గెలిచి, తర్వాత వరుసగా నాలుగు ఓడారు. కప్ వాషింగ్టన్ ఎగరేసుకుపోయింది.

2018-19: 43 విజయాలు, 93 పాయింట్లు.. తొలి రౌండ్‌లో ఔట్

ఫిబ్రవరిలో ఒటావా నుంచి మార్క్ స్టోన్ వచ్చాడు. ప్లేఆఫ్స్‌లో మళ్లీ శాన్ హోసేనే ఎదురైంది. వేగాస్ 3-1 ఆధిక్యంలోకి వెళ్లినా సిరీస్ ఏడో మ్యాచ్ దాకా సాగింది. అందులోనూ మూడో పీరియడ్‌లో 3-0 లీడ్. ఇక గెలిచేసినట్టే అనుకున్న టైమ్‌లో వేగాస్ ఆటగాడికి 5 నిమిషాల మేజర్ పెనాల్టీ పడింది. మామూలు 2 నిమిషాల పెనాల్టీ అయితే ఒక గోల్ పడగానే ముగుస్తుంది. మేజర్ అలా కాదు, ఎన్ని గోల్స్ పడినా 5 నిమిషాలూ ఒక మనిషి తక్కువతోనే ఆడాలి. శాన్ హోసే ఆ ఒక్క పెనాల్టీలోనే 4 గోల్స్ కొట్టింది! చివరి నిమిషంలో మార్షెసో స్కోరు సమం చేసినా, అదనపు సమయంలో 5-4తో వేగాస్ ఓడింది.

ఆ పెనాల్టీపై పెద్ద దుమారం రేగింది. ఇలాంటి మేజర్ పెనాల్టీలను రిఫరీలు వీడియోలో మళ్లీ చూసుకునేలా లీగ్ ఆ వేసవిలోనే రూల్ మార్చింది.

2019-20: 39 విజయాలు, 86 పాయింట్లు.. సెమీస్‌లో ఓటమి

2020 జనవరిలో వరుసగా నాలుగు మ్యాచ్‌లు ఓడగానే గాలంట్‌ను తీసేశారు. మూడు సీజన్లు కూడా పూర్తికాలేదు. అతని ప్లేస్‌లో ఎవరొచ్చారో తెలుసా? 2019లో తమను ఇంటికి పంపిన శాన్ హోసే కోచ్ పీటర్ డిబోర్! సెంటిమెంట్‌తో పనిలేదని టీమ్ మొదటిసారి గట్టిగా చెప్పింది అప్పుడే.

కరోనాతో సీజన్ 71 మ్యాచ్‌ల దగ్గరే ఆగింది. ప్లేఆఫ్స్ ఎడ్మంటన్ బబుల్‌లో, ప్రేక్షకులు లేకుండా జరిగాయి. షికాగో, వాంకూవర్‌లను దాటిన వేగాస్ డల్లాస్ చేతిలో 4-1తో ఓడింది.

2020-21: 40 విజయాలు, 82 పాయింట్లు.. మళ్లీ సెమీస్‌లోనే

కరోనా వల్ల ఆ సీజన్‌ను 56 మ్యాచ్‌లకు కుదించారు. డిఫెండర్ అలెక్స్ పియట్రాంజెలో కోసం పెద్ద కాంట్రాక్ట్ రాశారు. స్టోన్ టీమ్‌కు తొలి కెప్టెన్ అయ్యాడు. పియట్రాంజెలోకు జీతం సర్దడానికి తొలి రోజుల నుంచి ఉన్న నేట్ ష్మిట్‌ను వాంకూవర్‌కు పంపేశారు.

ఎందుకిలా? ఎన్‌హెచ్‌ఎల్‌లో శాలరీ క్యాప్ చాలా స్ట్రిక్ట్. ఎంత డబ్బున్నా ఆటగాళ్ల జీతాలు ఆ గీత దాటకూడదు. అప్పట్లో ఆ పరిమితి 8.15 కోట్ల డాలర్లు. ఒక స్టార్ రావాలంటే ఇంకొకరు పోవాల్సిందే.

ఫ్లూరీ కెరీర్‌లో తొలిసారి ఉత్తమ గోల్‌కీపర్‌కిచ్చే వెజినా ట్రోఫీ గెలిచాడు. కానీ సెమీస్‌లో మాంట్రియల్ 4-2తో షాకిచ్చింది.

2021-22: 43 విజయాలు, 94 పాయింట్లు.. ప్లేఆఫ్స్ మిస్

వెజినా అందుకుని నెల తిరక్కముందే ఫ్లూరీని షికాగోకు పంపేశారు. టీమ్‌కు అతనే ముఖచిత్రం. పిల్లలు అతని జెర్సీ వేసుకునే మ్యాచ్‌లకు వచ్చేవాళ్లు. అభిమానులకు ఇది పెద్ద దెబ్బే.

నవంబర్‌లో బఫలో నుంచి జాక్ ఐకెల్‌ను తెచ్చారు. మెడ డిస్క్ గాయానికి అతను అడిగిన సర్జరీకి బఫలో ఒప్పుకోలేదు, వేగాస్ ఒప్పుకుంది. కృత్రిమ డిస్క్ పెట్టించుకున్న తొలి ఎన్‌హెచ్‌ఎల్ ఆటగాడు అతనే. ఈ డీల్‌లో వేగాస్ వదులుకున్న వాళ్లలో తొలి సీజన్ ఆటగాడు అలెక్స్ టక్ కూడా ఉన్నాడు. గాయాల దెబ్బకు టీమ్ మొదటిసారి ప్లేఆఫ్స్‌కు దూరమైంది. డిబోర్ ఉద్యోగం పోయింది.

2022-23: 51 విజయాలు, 111 పాయింట్లు.. స్టాన్లీ కప్ విజేత

బోస్టన్ తీసేసిన కోచ్ బ్రూస్ కాసిడీని తెచ్చుకున్నారు. ఆ సీజన్‌లో గాయాల వల్ల ఏకంగా ఐదుగురు గోల్‌కీపర్లను వాడాల్సి వచ్చింది. అయినా 111 పాయింట్లతో క్లబ్ రికార్డు. విన్నిపెగ్, ఎడ్మంటన్ అయిపోయాయి. సెమీస్‌లో డల్లాస్ వచ్చింది, దాని కోచ్ ఇప్పుడు డిబోర్! అతన్నీ 4-2తో దాటేశారు.

ఫైనల్లో ప్రత్యర్థి ఫ్లోరిడా. అవును, మార్షెసోను, స్మిత్‌ను వదిలేసిన అదే ఫ్లోరిడా. జూన్ 13న ఐదో మ్యాచ్‌లో 9-3తో గెలిచి వేగాస్ 4-1తో కప్ కొట్టింది. వెన్నుకు సర్జరీలు చేయించుకుని వచ్చిన స్టోన్ ఆ మ్యాచ్‌లో హ్యాట్రిక్ కొట్టాడు. మార్షెసో ప్లేఆఫ్స్ ఉత్తమ ఆటగాడయ్యాడు.

తొలి సీజన్ నుంచి అప్పటికి మిగిలింది ఆరుగురే. మార్షెసో, స్మిత్, కార్ల్‌సన్, షే థియోడోర్, బ్రేడెన్ మెక్‌నాబ్, విలియం క్యారియర్. కెప్టెన్ స్టోన్ కప్ ఎత్తాక ముందుగా అందించింది స్మిత్‌కే. ఫోలీ చెప్పిన ఆరేళ్ల టార్గెట్ సరిగ్గా ఆరో సీజన్‌లో నిజమైంది. మరో రెండు వారాలకే అదే స్మిత్‌ను పిట్స్‌బర్గ్‌కు పంపేశారు. కారణం మళ్లీ శాలరీ క్యాపే.

2023-24: 45 విజయాలు, 98 పాయింట్లు.. తొలి రౌండ్‌లో ఔట్

తొలి 12 మ్యాచ్‌ల్లో 11 గెలిచి ఘనంగా మొదలుపెట్టారు. 2019లో ఆ చేదు రాత్రి తమపై గోల్ కొట్టిన శాన్ హోసే ఆటగాడు థోమస్ హెర్టిల్‌ను కూడా తెచ్చుకున్నారు. కానీ డిబోర్ టీమ్ డల్లాస్ ఏడు మ్యాచ్‌ల పోరులో లెక్క సరిచేసింది. 42 గోల్స్‌తో కెరీర్ బెస్ట్ సీజన్ ఆడిన మార్షెసో వేసవిలో నాష్‌విల్‌కు వెళ్లిపోయాడు. క్యారియర్ కరోలినాకు మారాడు.

2024-25: 50 విజయాలు, 110 పాయింట్లు.. రెండో రౌండ్‌లో ఓటమి

ఐకెల్ 94 పాయింట్లతో టీమ్‌ను నడిపించాడు. హాకీలో ఆటగాడి పాయింట్లంటే అతను కొట్టిన గోల్స్, అందించిన పాస్‌లు కలిపి. మార్చిలో న్యూయార్క్ రేంజర్స్ నుంచి ఓ పాత ముఖం తిరిగొచ్చింది. రైలీ స్మిత్! మిన్నెసోటాను దాటాక ఎడ్మంటన్‌తో మూడో మ్యాచ్‌లో స్కోరు 3-3. టైమ్ అయిపోవడానికి 0.4 సెకన్ల ముందు గోల్ కొట్టి గెలిపించింది ఎవరో కాదు, రెండేళ్ల కిందట పంపించేసిన ఆ స్మిత్తే. అయితే ఆ తర్వాతి రెండు మ్యాచ్‌ల్లో వేగాస్ ఒక్క గోల్ కూడా కొట్టలేకపోయింది. సిరీస్ 4-1తో పోయింది.

2025 వేసవిలో టొరంటో స్టార్ మిచ్ మార్నర్‌ను ఎనిమిదేళ్ల కాంట్రాక్ట్‌తో తెచ్చుకున్నారు. బదులుగా నికొలస్ రాయ్‌ను ఇచ్చేశారు. పద్ధతి అదే, పేర్లే మారాయి.

ఒక్క చూపులో ఎనిమిది సీజన్లు

ప్లేఆఫ్స్: 7 సార్లు
ఫైనల్స్: 2
కప్: 1 (2023)
కోచ్‌లు: ముగ్గురు
అత్యధిక పాయింట్లు: 111 (2022-23)
ప్లేఆఫ్స్ మిస్సయింది: 2021-22లో మాత్రమే

వేగాస్‌ది కర్కశమైన పద్ధతి అనేవాళ్లున్నారు. అలా చేయకపోతే కప్ వచ్చేదా అని అడిగేవాళ్లూ ఉన్నారు. రెండూ నిజమే. ఈ టీమ్‌లో ఎవరి చోటూ శాశ్వతం కాదు. 58 నంబర్ జెర్సీని మాత్రం ఇంకెవరికీ ఇవ్వరు.