ముప్పు అంచనా: తుపాను తీరంలో మనిషి నిర్ణయం

ముప్పు అంచనా అంటే తన మీదికి రాగల ఆపద గురించి మనిషి మనసులో కట్టుకునే లెక్క. ఇంగ్లీషులో దీన్ని రిస్క్ పర్సెప్షన్ అంటారు. ఆపద వచ్చే అవకాశం ఎంత, వస్తే జరిగే నష్టం ఎంత అని నిపుణులు వేసే గణితం వేరు, ఊళ్లో మనిషి వేసుకునే లెక్క వేరు. నిపుణుల లెక్కలో ఉండేవి రెండు అంకెలే. ఊరి లెక్కలో గేదెలు, వలలు, కోతకొచ్చిన వరి, పక్కింటివాళ్లు కదిలారా లేదా అన్న సంగతి, తాత చెప్పిన గాలివాన కథ, కిందటేడు ఉత్తదైపోయిన హెచ్చరిక అన్నీ ఉంటాయి. అందుకే ఒకే హెచ్చరిక విన్న రెండు కుటుంబాల్లో ఒకటి మూట కట్టుకుంటుంది, మరొకటి తలుపు గడియ వేసుకుంటుంది.

ఈ తేడా ఎక్కడ పుడుతుందో చూడడానికి ఆంధ్ర తీరాన్ని మించిన చోటు అరుదు. ఒకే సముద్రం, ఒకే రకం ఆపద, నూటయాభై ఏళ్లకు మించిన నమోదైన అనుభవం ఇక్కడ ఉన్నాయి.

పరిశోధన ఎలా మొదలైంది

ఈ చదువుకు మూలం వరదలు. అమెరికా భూగోళ శాస్త్రవేత్త గిల్బర్ట్ వైట్ 1945లో వరదలతో మనుషుల సర్దుబాటు గురించి రాసిన గ్రంథంలో, నది ఎంత పొంగిందన్న దానితో పాటు ఒడ్డున మనుషులు ఏ నిర్ణయాలు తీసుకున్నారన్నదీ నష్టాన్ని తేలుస్తుందని చూపించాడు. ఆయన శిష్యుడు రాబర్ట్ కేట్స్ 1962లో టెనెసీ రాష్ట్రంలోని లాఫోలెట్ అనే చిన్న పట్టణాన్ని పరిశీలించి ఒక విచిత్రం గమనించాడు. తాము చూసిన వరద కంటే పెద్ద వరద వస్తుందని అక్కడివాళ్లు ఊహించలేకపోతున్నారు. అనుభవమే వాళ్లకు గోడ అయింది.

1969లో చాన్సీ స్టార్ అనే ఇంజినీరు మరో ప్రశ్న వేశాడు. సమాజం ఎంత ముప్పును ఒప్పుకుంటుంది? తాము కోరి తలకెత్తుకున్న ముప్పును, ఇతరులు తమ మీద రుద్దిన ముప్పు కంటే వెయ్యి రెట్ల దాకా ఎక్కువగా జనం భరిస్తారని ఆయన అంచనా. ఆ తర్వాత ఆరెగాన్‌లో పాల్ స్లోవిక్, బరూచ్ ఫిష్‌హాఫ్, సారా లిక్టెన్‌స్టైన్ నేరుగా మనుషులనే అడగడం మొదలుపెట్టారు. ఇజ్రాయెల్ నుంచి వచ్చిన డేనియల్ కానెమన్, అమోస్ ట్వెర్‌స్కీ మనసు వాడే అడ్డదారులను, నష్టం ముందు మనిషి ప్రవర్తనను సూత్రీకరించారు. మేరీ డగ్లస్, ఏరన్ విల్డావ్‌స్కీ 1982లో సంస్కృతి వైపు నుంచి, రోజర్ కాస్పర్సన్ బృందం 1988లో వార్తలూ వదంతులూ ముప్పును ఎలా పెంచుతాయో తగ్గిస్తాయో అన్న వైపు నుంచి ఈ చర్చను విస్తరించారు.

గాలి తెలుసు, నీరు తెలియదు

1864 నవంబరు 1 రాత్రి బందరును (మచిలీపట్నాన్ని) ముంచిన ఉప్పెనలో సుమారు 30,000 మంది చనిపోయారు. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచేనాటికి దాన్ని చూసినవారెవరూ మిగల్లేదు. మధ్యలో 113 ఏళ్లు గడిచాయి. ఆ కాలంలో గాలివానలు రాకపోలేదు. వచ్చిన ప్రతిసారీ తాటాకు కప్పులు ఎగిరిపోయాయి, చెట్లు కూలాయి, జనం గోడవార కూర్చుని తెల్లవారాక బయటికొచ్చారు. తుపానంటే గాలి అన్న అవగాహన అలా స్థిరపడింది. గాలి నుంచి తప్పించుకోవడానికి ఇంట్లో ఉండడమే మంచిది. నీటి నుంచి తప్పించుకోవడానికి అదే ప్రాణాంతకం.

ఆ రోజు దాదాపు 5 మీటర్ల ఎత్తున వచ్చిన నీరు నాగాయలంక, కోడూరు, అవనిగడ్డ ప్రాంతాల్లోకి కిలోమీటర్ల కొద్దీ చొచ్చుకొచ్చింది. హంసలదీవి, సొర్లగొంది వంటి ఊళ్ల పేర్లు ఇప్పటికీ ఆ ఉప్పెనతో కలిపే చెబుతారు. మృతులు సుమారు పది వేలు. హెచ్చరికలు ఆకాశవాణి బులెటిన్ల మీద, తంతి తపాలా మీద ఆధారపడిన కాలమది. లంక గ్రామాల్లో రేడియో ఉన్న ఇళ్లు కొన్నే. అయితే విన్నవారిలో కూడా ఇంత నీరు వస్తుందని ఊహించగలిగినవారు ఎందరుంటారు? కేట్స్ లాఫోలెట్‌లో చూసిన గోడ ఇదే.

పదమూడేళ్ల తర్వాత, 1990 మే 9న, అంతే భీకరమైన తుపాను కృష్ణా ముఖద్వారం దగ్గరే తీరం దాటింది. ఆరున్నర లక్షల మందిని ముందే తరలించారు. మృతులు 967. పది వేల నుంచి వెయ్యి లోపుకు తగ్గిన ఈ అంకెను హెచ్చరిక వ్యవస్థ విజయంగా చెప్పడం రివాజు. షెల్టర్లు కట్టారు, రోడ్లు వేశారు, సమాచార సాధనాలు మెరుగయ్యాయి, నిజమే. కానీ ఆ లెక్కలో సాధారణంగా రాయని పద్దు ఇంకొకటి ఉంది. 1977లో శవాల మధ్య తిరిగినవాళ్లే 1990లో ఇంటి పెద్దలు. సులభంగా గుర్తొచ్చే సంఘటన మళ్లీ జరుగుతుందని మనసు నమ్మడాన్ని కానెమన్, ట్వెర్‌స్కీ 1973లో వివరించారు. అది తప్పుదారి పట్టించే సందర్భాలే పాఠ్యపుస్తకాల్లో ఎక్కువ. కృష్ణా డెల్టాలో మాత్రం అది ప్రాణాలు నిలబెట్టి ఉంటుంది. మరో సంగతి, మే నెలలో సార్వా వరి పొలంలో ఉండదు. కదలమన్నప్పుడు వెనక్కి లాగే బరువుల్లో ఒకటి ఆసారి లేదు.

విశాఖపట్నం కథ ఇందుకు భిన్నం. డాల్ఫిన్స్ నోస్ కొండ అడ్డుండగా తుపాను నగరం మీదికి రాదని అక్కడ చాలామంది నమ్మేవారు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ నేరుగా నగరం దగ్గరే తీరం దాటింది. నమ్మకం ఆ ఒక్క పగటితో పోయింది.

కదలడానికి అయ్యే ఖర్చు

ఊరు వదలని వాళ్లను మూర్ఖులనో మొండివాళ్లనో తేల్చేయడం అధికారుల మాటల్లోనూ వార్తల్లోనూ కనిపిస్తుంది. ఈ వ్యాసకర్త దానితో ఏకీభవించడు. వాళ్లు వేసే లెక్కలో తప్పు ఉండవచ్చు గాని, లెక్క వేయకుండా మాత్రం ఉండరు.

కానెమన్, ట్వెర్‌స్కీ 1979లో ప్రతిపాదించిన ప్రాస్పెక్ట్ సిద్ధాంతం ప్రకారం మనిషికి నూరు రూపాయలు వస్తే కలిగే సంతోషం కంటే నూరు పోతే కలిగే బాధ బలమైనది. సుమారు రెట్టింపని వాళ్ల తరువాతి అంచనా. అంతకంటే ముఖ్యమైన సంగతి, ఖాయంగా పోయే చిన్న నష్టానికీ, పోతే అంతా పోయే లేదా ఏమీ పోని జూదానికీ మధ్య ఎంచుకోమంటే చాలామంది జూదం వైపే మొగ్గుతారు. ఇప్పుడు నిజాంపట్నం దగ్గర ఒక మత్స్యకార కుటుంబాన్ని ఊహించండి. షెల్టరుకు వెళ్తే పోయేవి ఖాయం: రెండు మూడు రోజుల వేట, కాపలా లేని ఇల్లు, కట్టుకొయ్యకు వదిలేసిన గేదె, ఒడ్డున ఒరుసుకుని పగిలే పడవ, అప్పు చేసి కొన్న వలలు. ఉంటే పోయేది ప్రాణం, అదీ నీరు వస్తేనే. నీరు రాని తుపానులే ఎక్కువ. సిద్ధాంతం ఊహించినట్టే ఆ ఇంటి మగవాడు ఆడవాళ్లనూ పిల్లలనూ పంపి తాను ఆగిపోతాడు.

అందువల్ల ముప్పు గురించి ఎంత గట్టిగా మైకులో చెప్పినా కదలిక రాకపోవచ్చు. ఆగిపోయినవాడికి ముప్పు తెలుసు. ముప్పు తెలిసిన మేరకు జాగ్రత్త పెరగకపోవడం వరద పరిశోధనల్లోనూ పదేపదే కనిపించింది. జర్మనీకి చెందిన గిజెలా వాకింగర్ బృందం 2013లో దీన్ని ముప్పు అంచనా వైరుధ్యం అని పిలిచింది. పశువులను కట్టేసే మెరక దిబ్బ, పడవకు పరిహారం దొరుకుతుందన్న నమ్మకం, ఊళ్లో గస్తీ తిరిగే పోలీసు వంటివి కొన్నిసార్లు పది హెచ్చరికల కంటే ఎక్కువ పని చేస్తాయి. ఇది నా అభిప్రాయం, కానీ తీరంలో రెండు తుపానులు చూసిన ఏ రెవెన్యూ ఉద్యోగిని అడిగినా దాదాపు ఇదే చెబుతాడు.

షెల్టరు సంగతీ లెక్కలో భాగమే. మరుగుదొడ్డి లేని, గది ఒక్కటే ఉన్న భవనానికి ఎదిగిన ఆడపిల్లను తీసుకెళ్లడానికి తల్లి వెనకాడుతుంది. నడవలేని ముసలివాళ్లున్న ఇల్లు ఆలస్యంగా కదులుతుంది. అక్కడ ఎవరి పక్కన ఎవరు పడుకోవాలన్న కులం పట్టింపు పైకి ఎవరూ అనకపోయినా ఉంటుంది.

అమెరికాలో హరికేన్ల తరలింపులపై అప్పటిదాకా జరిగిన అధ్యయనాలను జే బేకర్ 1991లో కలిపి చూశాడు. వయసు, చదువు, ఆదాయం వంటివి ఊహించినంత తేడా చూపలేదు. ఉన్న చోటు ఎంత ప్రమాదకరం, ఇల్లు ఎంత గట్టిది, అధికారులు సూటిగా వెళ్లమన్నారా లేదా అన్నవే ఎక్కువ తేల్చాయి. మనకూ వర్తించే సంగతే. తమ ఊరివాడే, తెలిసినవాడే, ఇంటి గుమ్మంలో నిలబడి లేవమంటే లేచినంతగా టీవీ చెబితే లేవరు.

ఉత్తదైపోయిన హెచ్చరిక

2013 నవంబరులో లెహర్ తుపాను గురించి పెద్ద హెచ్చరికలు వచ్చాయి. అది సముద్రంలోనే బలం కోల్పోయి నవంబరు 28న మచిలీపట్నం దగ్గర వాయుగుండంగా తీరం దాటింది. 2021 డిసెంబరులో జవాద్ కోసం ఉత్తరాంధ్రలో వేల మందిని తరలిస్తే అదీ ఒడ్డుకు రాకముందే నీరసించింది. ఇలాంటప్పుడు అందరికీ గుర్తొచ్చేది నాన్నా పులి కథ. ఈసారి నిజంగా వస్తే ఎవరు నమ్ముతారు?

కథ చెప్పినంత సులువుగా జనం నమ్మకం పోదు. 1996లో అమెరికా కరోలినా తీరానికి బెర్తా, ఫ్రాన్ అనే రెండు హరికేన్లు కొద్ది వారాల తేడాతో వచ్చాయి. మొదటిసారి అనవసరంగా కదిలామనుకున్నవాళ్లు రెండోసారి మానేశారా అని కిర్‌స్టిన్ డౌ, సుసన్ కటర్ 1998లో పరిశీలిస్తే ఆ ప్రభావం చాలా తక్కువని తేలింది. ఎందుకు తప్పిందో చెప్పినప్పుడు జనం అర్థం చేసుకుంటారు. చెప్పకపోతేనే అనుమానం.

దీనికి తిరగేసిన ఉదాహరణ 2004 డిసెంబరుది. 26న ఒడ్డును కొట్టిన అలకు పేరేమిటో తీరంలో చాలామందికి తెలియదు. సునామీ అన్న మాటే కొత్త. నాలుగు రోజులకు, 30న, మరో సునామీ రావచ్చని కేంద్రం నుంచి ప్రకటన వెలువడగానే దక్షిణాది తీరంలో జనం పరుగులు తీశారు. అలా ఏదీ రాలేదు. ఆ తర్వాతే, హైదరాబాదులోని ఇన్‌కాయిస్ అనే సముద్ర సమాచార సంస్థలో సునామీ ముందస్తు హెచ్చరిక కేంద్రం 2007 అక్టోబరులో మొదలైంది.

భయపెట్టేవీ, భయపెట్టనివీ

స్లోవిక్ బృందం ముప్ఫై ముప్పులను ప్రమాదం వరుసలో పేర్చమంటే, కాలేజీ విద్యార్థులు అణు విద్యుత్తును మొదటి స్థానంలో పెట్టారు. నిపుణులు దాన్ని ఇరవయ్యోదిగా పెట్టి మోటారు వాహనాలను మొదటికి తెచ్చారు. ఒకేసారి చాలామందిని చంపేది, కంటికి కనిపించనిది, కొత్తది, తన అదుపులో లేనిది మనిషిని ఎక్కువ భయపెడుతుందని 1987లో స్లోవిక్ తేల్చాడు. తరతరాలుగా తుపాను తీరంలో ధైర్యంగా బతికిన శ్రీకాకుళం జిల్లా మత్స్యకారులు కొవ్వాడ అణు విద్యుత్ కేంద్రాన్ని వ్యతిరేకించడంలో వైరుధ్యం లేదు. సముద్రాన్ని వాళ్లు ఎంచుకున్నారు, రియాక్టరును ఎంచుకోలేదు. స్టార్ చెప్పిన కోరిన ముప్పు, రుద్దిన ముప్పు తేడా ఇదే.

భయం లేని చోట చావులు లేవని కాదు. 2022లో భారతదేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. దివిసీమ ఉప్పెనకు పదహారు రెట్లకు పైగా, అదీ ఒక్క ఏడాదిలో. వాళ్లు ఒకరిద్దరుగా, వేర్వేరు చోట్ల పోయారు కాబట్టి ఎవరి గుండే ఝల్లుమనలేదు. భయం మనిషిని పెద్ద ప్రమాదంలోకి నెట్టిన సందర్భాలూ ఉన్నాయి. 2001 సెప్టెంబరు 11 తర్వాత విమానం ఎక్కడానికి భయపడి కార్లెక్కిన అమెరికన్లలో ఏడాదిలో సుమారు 1,500 మంది అదనంగా రోడ్ల మీద చనిపోయి ఉంటారని గెర్డ్ గిగరెంజర్ లెక్కగట్టాడు.

కట్ట చాటు భరోసా

రక్షణ కట్టడం కూడా అంచనాను మారుస్తుంది. కట్ట కట్టాక చిన్న వరదలు ఆగిపోతాయి, భయం పోతుంది, కట్ట పక్కనే ఇళ్లు లేస్తాయి, కట్ట తెగిన రోజు నష్టం పాతదానికి ఎన్నో రెట్లవుతుంది. దీనికి ఉదాహరణ వెతుక్కోవాల్సిన పనిలేదు. విజయవాడ దుఃఖదాయినిగా పేరుపడ్డ బుడమేరు వాగు మళ్లింపు కాలువకు 2024 సెప్టెంబరు మొదట్లో గండ్లు పడి సింగ్‌నగర్ ప్రాంతం రోజుల తరబడి నీటిలో ఉండిపోయింది. 2005లోనూ బుడమేరు పొంగింది. ఆ పందొమ్మిదేళ్లలో అక్కడ స్థలం కొన్నవారిలో చాలామందికి అది వాగు దారి అన్న సంగతే లెక్కలోకి రాలేదు.

హెచ్చరిక భాష

ఓడరేవుల్లో ఎగరేసే తుపాను సూచికలు ఒకటి నుంచి పదకొండు వరకు ఉంటాయి. పత్రికలు అన్నిటినీ కలిపి ప్రమాద హెచ్చరిక అనే రాస్తాయి గాని, ఒకటి, రెండు నంబర్లు దూరాన సముద్రంలో ఏదో పుట్టిందని నావలకు చెప్పేవి మాత్రమే. నంబరు పెరిగితే గాలి పెరిగినట్టని జనం అనుకుంటారు. అది సగమే నిజం. ఐదు, ఆరు, ఏడు మూడూ ప్రమాద సూచికలే. తుపాను రేవుకు ఏ పక్కగా దాటుతుందో, లేక రేవు మీదుగానే దాటుతుందో అన్నదే వాటి మధ్య తేడా. ఎనిమిది, తొమ్మిది, పది మహా ప్రమాద సూచికలు, వాటిలోనూ అదే తేడా. నావికుల కోసం పుట్టిన ఈ భాషను లంకల్లో ఉండే కూలీకి వినిపించి, అర్థమైందనుకోవడం మన అలవాటు. ఉప్పెన గురించి బులెటిన్ చెప్పే తీరూ అంతే. సాధారణ పోటు కంటే ఇన్ని మీటర్లు ఎక్కువ అంటే ఇంట్లోకి నీరు వస్తుందో రాదో తేలదు. రామాలయం అరుగు దాకా వస్తుందంటే తేలుతుంది.

పదకొండో నంబరుకు గాలితో సంబంధం లేదు. వాతావరణ కేంద్రంతో సమాచార సంబంధాలు తెగిపోయాయని, వాతావరణం చెడబోతోందని అక్కడి అధికారి తానే భావిస్తున్నాడని మాత్రమే దాని అర్థం.