సాముదాయిక ఆర్కైవ్ – స్వల్పవ్యయ ప్రచారం: 'సాడా' అనుభవం, చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:
చిన్న సాముదాయిక ఆర్కైవ్‌లు సామాజిక మాధ్యమాల ద్వారా స్వల్పవ్యయంతో ప్రజలకు చేరువ కాగలుగుతున్నాయి. అయితే ఇదే ప్రచారం చారిత్రక ఆధారాన్ని దాని నేపథ్యం నుండి విడదీసే ప్రమాదం కూడా ఉంది. అమెరికాలోని 'సౌత్ ఏషియన్ అమెరికన్ డిజిటల్ ఆర్కైవ్' అనుభవాన్ని, ముఖ్యంగా బగాయ్ కుటుంబ పత్రాల చరిత్రను ఆధారంగా చేసుకొని, ప్రచారానికీ పరిరక్షణకూ మధ్య ఉండవలసిన సంబంధాన్ని వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: సాముదాయిక ఆర్కైవ్, సామాజిక మాధ్యమాలు, ప్రవాస చరిత్ర, సాడా, కళా బగాయ్, కేటలాగు.

1. ఉపోద్ఘాతం:
ప్రభుత్వ రికార్డులు ప్రభుత్వానికి అవసరమైన విషయాలనే నమోదు చేస్తాయి. వలస వచ్చిన వ్యక్తి పేరు, వయస్సు, ఎక్కిన ఓడ, దిగిన తేదీ వాటిలో దొరుకుతాయి. ఆ వ్యక్తి కొత్త ఊరిలో ఎలాంటి ఆదరణ లేదా అవమానం పొందాడు, ఇంటికి ఏమని ఉత్తరాలు రాశాడు అన్నవి తెలుసుకోవాలంటే కుటుంబాల దగ్గర మిగిలిన ఉత్తరాలు, ఫోటోలు, ముఖాముఖి రికార్డింగులే ఆధారం. ఇటువంటి సామగ్రిని ఆయా సముదాయాలవారే సేకరించి, తమ అజమాయిషీలో నిర్వహించుకొనే సంస్థలను సాముదాయిక ఆర్కైవ్‌లు అంటారు. బ్రిటన్‌కు చెందిన ఆండ్రూ ఫ్లిన్ 2007లో ప్రచురించిన వ్యాసంలో సముదాయం స్వయంగా పాల్గొనడాన్నే వీటి ప్రధాన లక్షణంగా గుర్తించారు.

ఈ సంస్థలకు నిధులు తక్కువ. ప్రకటనలకు ఖర్చు పెట్టే శక్తి ఉండదు. అందువల్ల ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, యూట్యూబ్, వాట్సాప్ వంటి మాధ్యమాలు వీటికి సహజమైన ఆధారమయ్యాయి. ఈ ప్రచారం వలన ఆర్కైవ్‌కు నిజంగా సమకూరేది ఏమిటి, అది కోల్పోయేది ఏమిటి అన్న ప్రశ్నలు మాత్రం చర్చించవలసినవి.

2. 'సాడా' – ఆవిర్భావం, పనితీరు:
సౌత్ ఏషియన్ అమెరికన్ డిజిటల్ ఆర్కైవ్, సంక్షిప్తంగా 'సాడా', 2008లో ఏర్పడింది. మిషెల్ కాస్వెల్, సమీప్ మల్లిక్ దీని సహవ్యవస్థాపకులు. దక్షిణాసియా నుండి అమెరికాకు వలస వచ్చినవారి చరిత్రను క్రమపద్ధతిలో సేకరించే సంస్థ లేకపోవడమే దీని ఏర్పాటుకు కారణం.

ఈ సంస్థ మూలపత్రాలను తన స్వాధీనంలోకి తీసుకోదు. కుటుంబం దగ్గర ఉన్న పత్రాన్ని స్కాన్ చేసి, వివరణ రాసి, తన వెబ్‌సైటులో అందరికీ అందుబాటులో ఉంచుతుంది. మూలప్రతి కుటుంబం దగ్గరే, లేదా అది ఇదివరకే ఉన్న సంస్థలోనే ఉండిపోతుంది. ఆర్కైవ్ అంటే పత్రాలను తెచ్చి దాచే భవనమే కానవసరం లేదన్న ఆలోచనను అమెరికన్ ఆర్కైవిస్టు ఎఫ్. జెరాల్డ్ హామ్ 1981లోనే చర్చకు తెచ్చారు. అంతర్జాలం విస్తరించిన తరువాత ఆ ఆలోచన చిన్న సంస్థలకు ఆచరణసాధ్యమైంది. గోదాములు, అద్దెలు, శీతలీకరణ గదుల ఖర్చు తప్పింది. అయితే భవనం లేని ఆర్కైవ్ దారిన పోయేవారి కంటపడదు. దాని ఉనికిని ఎప్పటికప్పుడు తెలియజేస్తూ ఉండాలి. అందుచేత ఇటువంటి సంస్థకు ప్రచారం అదనపు కార్యక్రమం కాదు, దాని మనుగడలో భాగం.

3. బగాయ్ కుటుంబ పత్రాలు – ఒక నిదర్శనం:
పెషావర్‌కు చెందిన వైష్ణోదాస్ బగాయ్ 1915 సెప్టెంబరులో భార్య కళా బగాయ్‌తో, ముగ్గురు కుమారులతో శాన్‌ఫ్రాన్సిస్కో చేరుకున్నాడు. కళా బగాయ్ ముక్కుపుడకను ఒక స్థానిక పత్రిక వింతగా వర్ణించింది. ఈ దంపతులు బర్క్‌లీలో ఇల్లు కొనుక్కొని సామానుతో వెళ్ళినప్పుడు ఇరుగుపొరుగువారు వారిని లోపలికి అడుగుపెట్టనివ్వలేదు. వైష్ణోదాస్ 1921లో అమెరికా పౌరసత్వం పొందాడు. 1923 ఫిబ్రవరిలో భగత్ సింగ్ థింద్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు, భారతీయులు పౌరసత్వ చట్టంలోని 'శ్వేతజాతి' పరిధిలోకి రారని తీర్పు చెప్పింది. దానితో ఆయన పౌరసత్వం రద్దయింది. విదేశీయుల భూయాజమాన్యాన్ని నిషేధించిన కాలిఫోర్నియా చట్టం వలన ఆస్తిహక్కులు పోయాయి. 1928లో ఆయన ఆత్మహత్య చేసుకున్నాడు. తన నిస్సహాయతను వివరిస్తూ ఆయన రాసిన లేఖ శాన్‌ఫ్రాన్సిస్కో ఎగ్జామినర్ పత్రికలో అచ్చయింది.

కళా బగాయ్ పిల్లలను పెంచి, తరువాతి కాలంలో దక్షిణ కాలిఫోర్నియాలోని భారతీయ కుటుంబాలకు పెద్దదిక్కుగా నిలిచి, 1983లో మరణించింది. ఈ కుటుంబం భద్రపరచిన ఫోటోలు, లేఖలు, 1982లో రికార్డు చేసిన ఆమె ముఖాముఖి 'సాడా'లో చేరాయి. న్యాయశాస్త్ర గ్రంథాలలో థింద్ కేసు పర్యవసానంగా ఒక్క వాక్యంలో ముగిసే విషయం, ఈ పత్రాల వలన ఒక కుటుంబ జీవితంగా అర్థమవుతుంది.

బర్క్‌లీ నగరంలో షాటక్ అవెన్యూలోని కొంత భాగానికి కొత్త పేరు పెట్టవలసి వచ్చినప్పుడు, స్థానిక దక్షిణాసియా చరిత్రపై నడక యాత్రలు నిర్వహించేవారు, ఇతర పౌరులు కళా బగాయ్ పేరును బలపరిచారు. నగర మండలి 2020లో ఆ పేరును ఆమోదించింది. ఆమెను ఇంట్లోకి రానివ్వని ఊరిలోనే నేడు 'కళా బగాయ్ వే' ఉంది. ఈ ఫలితానికి సామాజిక మాధ్యమమే కారణమని చెప్పడం సరికాదు. ఊరివారి కృషి, కుటుంబ సహకారం, నగరపాలక ప్రక్రియ అన్నీ ఇందులో ఉన్నాయి. అయితే ఈ కథను విన్నవారు ఎవరైనా నేరుగా మూల ఆధారాన్ని చూడగలిగే అవకాశం ఆర్కైవ్ వలన ఏర్పడింది. కథను ప్రచారం వ్యాప్తి చేయగలదు. అది కల్పన కాదని నిరూపించేది ఆధారమే.

4. శ్రోతల నుండి దాతల వరకు:
ప్రచారం వలన కలిగే రెండవ ప్రయోజనం సేకరణ పెరగడం. 'సాడా' 2013లో ఆరంభించిన 'ఫస్ట్ డేస్ ప్రాజెక్ట్' ఇందుకు ఉదాహరణ. అమెరికాలో అడుగుపెట్టిన మొదటి రోజు అనుభవాన్ని వలస వచ్చినవారు స్వయంగా చెప్పి, ఆర్కైవ్‌కు అందించడం ఈ ప్రాజెక్టు పద్ధతి. ప్రశ్న చిన్నది, జవాబు అందరి దగ్గరా ఉంటుంది. ఒకరి కథ చూసినవారు తమ కథ కూడా చెప్పడానికి ముందుకు వస్తారు. తమ జీవితం చరిత్ర కాదనుకొనే సామాన్యులను ఆ సంకోచం నుండి బయటకు తేవడమే ఇక్కడ ప్రచారం సాధించే పని.

కాస్వెల్, ఆమె సహపరిశోధకులు 2016లో ప్రచురించిన అధ్యయనం ఈ ప్రభావాన్ని మూడు స్థాయిలలో విశ్లేషించింది. తమవారు గతంలో ఇక్కడ ఉన్నారన్న జ్ఞానం, తాము ఉన్నామన్న గుర్తింపు, తాము ఈ సమాజానికి చెందినవారమన్న భావన అనేవి ఆ మూడు స్థాయిలు. వీటిని లైకుల సంఖ్యతో కొలవడం సాధ్యం కాదు.

5. స్వల్పవ్యయం వెనుక ఉన్న మూల్యం:
సామాజిక మాధ్యమంలో ఒక ఫోటో పెట్టడానికి సొమ్ము అవసరం లేదు. కాని ఆ ఫోటోలోని వ్యక్తులను గుర్తించి, తేదీ నిర్ధారించి, వివరణ రాయడానికి శ్రమ అవసరం. ఆ శ్రమ లోపించినప్పుడు మూడు నష్టాలు కలుగుతాయి.

మొదటిది ఆధారం తన మూలాన్ని కోల్పోవడం. వాట్సాప్ వంటి మాధ్యమాలలో ఫోటోను పంపినప్పుడు దాని పరిమాణం తగ్గుతుంది, అందులో నిక్షిప్తమైన మెటాడేటా తొలగిపోతుంది. పది చేతులు మారిన తరువాత అది ఎవరిదో, ఏ సంవత్సరానిదో చెప్పేవారు ఉండరు. అటువంటి ఫోటో పరిశోధకునికి ఆధారంగా పనికిరాదు.

రెండవది మాధ్యమాల అస్థిరత. భారతదేశంలో విశేషాదరణ పొందిన ఆర్కుట్ 2014 సెప్టెంబరు 30న మూతపడింది. అందులోని తెలుగు సమూహాల సంభాషణలు కూడా ప్రజల కంటికి దూరమయ్యాయి. గూగుల్ ప్లస్ 2019లో నిలిచిపోయింది. మూతపడని మాధ్యమాలలో కూడా ఏ పోస్టు ఎవరికి కనిపించాలో నిర్ణయించేది ఆయా కంపెనీల అల్గారిథమే.

మూడవది అనుమతి. పరిశోధకులు చూసుకోవడానికి పత్రం ఇచ్చిన కుటుంబం, దానిని వేలమందికి పంపడానికి కూడా అంగీకరించిందని భావించరాదు. వలసస్థితి, కులం, కుటుంబ వివాదాలు తెలిపే పత్రాలు బ్రతికి ఉన్నవారికి హాని కలిగించవచ్చు.

వీటికి విరుగుడుగా పేర్కొనదగిన అనుభవం ఒకటి ఉంది. అమెరికాలోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ 2008 జనవరిలో సుమారు 3,000 ఫోటోలను ఫ్లికర్‌లో ఉంచింది. చూసినవారు స్థలాలను, వ్యక్తులను గుర్తించి వ్యాఖ్యలు రాశారు. గ్రంథాలయ సిబ్బంది వాటిని సరిచూసి, నిర్ధారణ అయిన సమాచారాన్ని తమ కేటలాగులో చేర్చారు. పెద్ద సంస్థ చేసిన పనే అయినా ఈ పద్ధతి చిన్న సంస్థకూ సాధ్యమే. ప్రజల జ్ఞాపకం వ్యాఖ్యగా వచ్చి, పరిశీలన పొంది, కేటలాగులో స్థిరపడాలి.

6. తెలుగువారి సందర్భం:
ఈ చర్చ తెలుగువారికి రెండు విధాల సంబంధించినది. గదర్ ఉద్యమంలో పాల్గొన్న దరిశి చెంచయ్య 1910లలో కాలిఫోర్నియాలో చదువుకున్నారు. ఆయన ఆత్మకథ 'నేనూ నా దేశం' అచ్చయినందువల్ల ఆ అనుభవం మిగిలింది. ఉత్తర అమెరికా తెలుగు సంఘం, అనగా తానా, తొలి మహాసభ జరిగింది 1977లో. ఆ తరంవారు నేడు వృద్ధులు. ఆత్మకథ రాయనివారి ఉత్తరాలు, క్యాసెట్లు, సంఘాల కరపత్రాలు తెలుగు చదవడం రాని మనుమల చేతికి వచ్చినప్పుడు అవి ఏమిటో గుర్తించడం కూడా కష్టమవుతుంది.

రెండవది గ్రంథాలయోద్యమ వారసత్వం. 1914లో విజయవాడలో జరిగిన ఆంధ్రదేశ గ్రంథాలయ ప్రతినిధుల సభ తరువాత ఊరూరా గ్రంథాలయాలు పెంపొందాయి. 1918లో వేటపాలెంలో ఆరంభమైన సారస్వత నికేతనం నేటికీ పాత పత్రికల కోసం పరిశోధకులు వెళ్ళే చోటు. 1930లలో కృష్ణా డెల్టా కాలువలలో పడవ గ్రంథాలయం నడిచింది. అప్పటికి అందుబాటులో ఉన్న చవకైన ప్రయాణ సాధనంతో పుస్తకాన్ని పాఠకుని ఊరికి చేర్చిన ప్రయత్నమది. అయితే పడవ పుస్తకాలను చేరవేసేది మాత్రమే. పుస్తకం తిరిగి చేరవలసిన గ్రంథాలయం ఒడ్డున ఉండేది. సామాజిక మాధ్యమాన్ని కూడా పడవగానే గ్రహించాలి. ఫేస్‌బుక్ పేజీనే ఆర్కైవ్‌గా భావించి, కేటలాగు రాయకుండా ఫోటోలు పెడుతూ పోవడం, ఒడ్డున గ్రంథాలయం లేకుండా పడవ నడపడం వంటిది.

7. ముగింపు:
'సాడా' అనుభవం నుండి చిన్న సంస్థలు గ్రహించదగిన క్రమం ఇది. ముందు కుటుంబం అనుమతి, తరువాత స్కాన్, కేటలాగు సంఖ్య, వివరణ, ఆ తరువాతనే పోస్టు. ప్రతి పోస్టులోనూ కేటలాగు సంఖ్య, మూలపత్రం ఉన్న స్థిరమైన వెబ్ చిరునామా ఉండాలి. ఫోటో అంచున సంస్థ పేరు, సంఖ్య ముద్రించినట్లయితే మెటాడేటా పోయినా మూలం తెలుస్తుంది. వ్యాఖ్యలలో వచ్చిన సమాచారాన్ని సరిచూసి కేటలాగులో చేర్చే బాధ్యత ఒకరికి అప్పగించాలి. ఈ పనులకు పెద్ద నిధులు అవసరం లేదు. కళాశాలల చరిత్ర, తెలుగు శాఖల విద్యార్థులు అధ్యాపకుల పర్యవేక్షణలో చేయగలిగినవే.

కళా బగాయ్ పేరు ఒక వీధికి చేరడానికి ముందు, ఆమె కుటుంబం ఆ పత్రాలను పారవేయకుండా దాచింది, ఒక చిన్న సంస్థ వాటికి వివరణ రాసింది. ప్రచారం ఈ రెండు పనుల తరువాత వచ్చే మూడవ పని. మొదటి రెండూ జరగనిచోట, ఎంత చవకగా, ఎంతమందికి చేరినా, ప్రచారం చరిత్రకు మిగిల్చేది ఏమీ ఉండదు.