జేగురు పట్టె, సున్నపు బొట్టు

పల్నాడులో ఇంటి రంగుల చరిత్ర రాయాలంటే సున్నపు బట్టీ దగ్గర మొదలుపెట్టాలి. మా వైపు నేల తవ్వితే సున్నపురాయి. పిడుగురాళ్ల చుట్టూ బట్టీలు ఇప్పటికీ కాలుతూనే ఉన్నాయి. ఆ రాయిని 900 డిగ్రీల వేడిలో కాలిస్తే అందులోని బొగ్గుపులుసు వాయువు పోయి, తేలికపాటి తెల్ల గడ్డలు మిగులుతాయి. మా చిన్నప్పుడు సంక్రాంతి నెలపట్టగానే వాటిని ఎడ్లబండి మీద వేసుకుని వీధుల్లోకి వచ్చేవాళ్లు, తట్టల లెక్కన అమ్మేవాళ్లు.

ఈ రాయికి ఒక చేదు చరిత్ర కూడా ఉంది. అమరావతి స్తూపం మీది శిల్పాలు చెక్కింది పల్నాటి సున్నపురాతి పలకల మీదే. 18వ శతాబ్దం చివర్లో జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రినాయుడు అక్కడ కొత్త పట్నం కట్టిస్తున్నప్పుడు ఆ దిబ్బ తవ్వి రాయి తీశారు. 1797లో ఈస్టిండియా కంపెనీ సర్వేయరు కాలిన్ మెకంజీ వచ్చి చూసేనాటికే నష్టం మొదలైంది. పలకలు కొన్ని కట్టడాల్లోకి పోయాయి, కొన్ని కాలి సున్నమయ్యాయి. మిగిలినవాటిలో చాలా భాగం చెన్నై ఎగ్మూరు మ్యూజియంలో, లండన్ బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. ఏ ఇంటి గోడ తెల్లబడటానికి ఏ బొమ్మ కాలిపోయిందో! తలుచుకుంటే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది.

ఇక ఇంట్లో పని. అది పూర్తిగా ఆడవాళ్ల చేతుల్లో ఉండేది. మా నాయనమ్మ పెరట్లో పాత బానలో గడ్డలు వేసి నీళ్లు పోసేది. బుసబుసా పొంగి కుతకుతా ఉడికేది సున్నం. పిల్లల్ని ఆ చుట్టుపక్కలకు రానిచ్చేది కాదు. కంట్లో చిందితే చూపు పోతుంది. రెండు రోజులు నానాక పాత చీరలో వడగట్టి, గోడకు పట్టడానికి కాస్త తుమ్మబంక, గుప్పెడు ఉప్పు కలిపేది. పక్కింటివాళ్లు గంజి పోసేవాళ్లు. గంజి పోస్తే వానాకాలంలో బూజు పడుతుందని నాయనమ్మ వాదన, అది నిజమే కూడా. మా ఇంట కుంచెకు కొబ్బరిపీచు. సముద్రం ఒడ్డు ఊళ్లవాళ్లు మొగలి ఊడ కొస నలగ్గొట్టి కుంచెగా వాడుకునేవాళ్లు.

వేసేటప్పుడు సున్నం గోడ మీద కనపడనే కనపడదు, తడి మాత్రం తెలుస్తుంది. ఆరేకొద్దీ తెలుపు పైకి వస్తుంది. ఈ సంగతి తెలియనివాళ్లు చిక్కగా కలిపి పాడుచేస్తారు. చిక్కటి పూత పెచ్చులూడుతుంది; పలచగా మూడు పూతలు వేసింది నిలుస్తుంది. బట్టీలో పోగొట్టుకున్న బొగ్గుపులుసు వాయువును గాలిలోంచి మళ్లీ పీల్చుకుని, ఆ పలచటి పొర గోడమీదే రాయిగా మారుతుంది.

చివరి పూతలో నీలిమందు. చిటికెడు వేస్తే సున్నంలోని పసుపు ఛాయ చచ్చి తెలుపు మెరుస్తుంది. నాలుగు చిటికెలు ఎక్కువ వేస్తే లేత నీలం గోడ. ఈ నీలానికి పెద్ద వంశమే ఉంది. ఒకప్పుడు దీన్ని అఫ్గానిస్తాన్ బదక్షాన్ కొండల్లోని రాయి నూరి తీసేవారు. ఐరోపా చిత్రకారులు బంగారం ధర పెట్టి కొనేవారు. 1820లలో ఫ్రాన్స్‌లో గిమే అనే రసాయనవేత్త దాన్ని కృత్రిమంగా తయారుచేశాడు. అలా రాజుల బొమ్మల్లోని రంగు పైసల పొట్లమై మా వీధి కొట్టుకు వచ్చింది.

మరి పసుపు రంగు? వంటింట్లో పసుపు ఉందిగదా అనిపిస్తుంది. సున్నంలో పసుపు వేస్తే ఏమవుతుందో కాళ్లకు పారాణి పెట్టుకున్న ప్రతి ఆడపిల్లకీ తెలుసు: ఎర్రబడుతుంది. పైగా ఎండకు వెలిసిపోతుంది. సున్నం ఘాటుకు తట్టుకునేవి మన్ను రంగులే. పసుపుపచ్చ మన్ను, జేగురు, రెండింటికీ రంగు ఇచ్చేది ఇనుమే. పసుపుపచ్చ మన్నును నిప్పుల్లో కాలిస్తే అదీ ఎర్రగా మారుతుంది.

జేగురును తెలంగాణలో జాజు అంటారు. గోడ అడుగున జానెడు ఎత్తు జేగురు పట్టె వేయడంలో అందంతోపాటు లెక్క కూడా ఉంది: వాన చినుకులకు చిందే ఎర్రమట్టి దానిమీద కనిపించదు. ఆ పట్టె అంచున, అరుగు చుట్టూ, కిటికీ చట్రం చుట్టూ సున్నంలో వేలు ముంచి బొట్లు పెట్టేవాళ్లు. కాకతీయుల నాటి ఓరుగల్లులో మాచల్దేవి అనే వేశ్య ఇంటి చిత్రశాలను క్రీడాభిరామం అనే పాత వీధినాటకం వర్ణిస్తుంది. అలా గోడలకు బొమ్మలు వేయించుకోవడం ఉన్నవాళ్ల మాట. మా వీధి ఆడవాళ్లకు వేలి కొసే కుంచె. నాయనమ్మ ఒక ఏడు వరసగా మూడేసి బొట్లు పెడితే, మరో ఏడు తామర మొగ్గలు దించేది. నచ్చకపోతే బాధ లేదు, వచ్చే సంక్రాంతికి కొత్త సున్నం పడుతుంది. ఏటా చెరిపి ఏటా కొత్తగా ఆలోచించుకునే ఆ వీలే ఆ గోడల్ని అంత అందంగా ఉంచిందని నా నమ్మకం.

డబ్బా రంగులు వచ్చాక ఇది మారింది. 1942లో బొంబాయిలో ఏషియన్ పెయింట్స్ మొదలైంది, 1954లో కార్టూనిస్టు ఆర్.కె. లక్ష్మణ్ గీసిన గట్టూ అనే పిల్లాడు, చేతిలో కుంచెతో, దాని గుర్తయ్యాడు. మా ఊళ్లో చిన్న డబ్బాల రంగు ముందు ఎక్కింది కనుమనాడు ఎద్దుల కొమ్ములకు, తర్వాత తలుపులకు, ఆ తర్వాత గోడలకు. డిస్టెంపర్, ఎమల్షన్ వచ్చేసరికి పని మేస్త్రీల చేతికి పోయింది. రంగుల పట్టీ చూసి ఎంచుకునేది ఇంటి యజమాని. వేలకు వేలు పోసిన గోడను మరుసటి ఏడాది ఎవరు చెరుపుతారు?

కొత్త సిమెంటు గోడకు ఆ రంగులు వేసుకోండి, తప్పులేదు. పాత గోడ సంగతి వేరు. మట్టితోనో సున్నపు గారతోనో కట్టిన గోడ నేల చెమ్మను పీల్చి బయటికి వదులుతుంది. దానిమీద ప్లాస్టిక్ పొర పరిస్తే చెమ్మ లోపలే ఆగి, రంగు బొబ్బలెక్కి గారతో సహా ఊడిపోతుంది. మా వైపు ఊళ్లలో మంచి మంచి లోగిళ్ల గోడలు ఇలాగే గుల్లబారాయి.

మీకు అలాంటి ఇల్లుంటే ఈసారి ఒక మూల గీకి చూడండి. కింద సున్నం కనిపిస్తే సున్నమే వేయించండి. రంగు కావాలంటే జేగురో, పసుపుపచ్చ మన్నో, నీలిమందో అందులోనే కలపండి. ముందు మూరెడు మేర పూసి పూర్తిగా ఆరనిచ్చి చూసుకోండి. తడి రంగు ఆరాక బాగా లేతబడుతుంది. గడ్డ సున్నంలో నీళ్లు పోసేటప్పుడు మాత్రం కళ్లకు అద్దాలు పెట్టుకోవడం మరవకండి.