భుజముమీది మచ్చ, పెట్టెలోని చీటి

1800లో నిజాము దత్తమండలములను కంపెనీవారికి అప్పగించెను. ఆదోని, ఎమ్మిగనూరు అందులోనివే. రెండేండ్లకు, 1802 జూన్ 14న, బొంబాయిలో మూడేండ్ల పాపకు మశూచి టీకా వేసిరి. ఈ దేశమున అదే మొదటిది. ఆ యేడే అది మద్రాసునకు చేరినది.

మంచుపెట్టెలు లేని ఆ కాలమున మందును ఒక బిడ్డ భుజమునుండి మరియొక బిడ్డ భుజమునకు ఎక్కించుచు ఊరూరికి కొనిపోవలసివచ్చెను. ఎనిమిదవనాడు పొక్కు పక్వమైనదో లేదో చూచి, దానినుండియే రసము తీసెడివారు. తల్లులు ఒప్పుకొనకపోవుటలో వింత యేమున్నది? ఆనాటి ఆదోని లెక్కలు వెదకువారు బళ్ళారి జిల్లా నివేదికలను తిరుగవేయవలెను. 1953 అక్టోబరు 1 వరకు ఈ తాలూకా ఆ జిల్లాలోనిదే గదా.

పుస్తకము చెదలుపట్టినను మచ్చ మిగిలెడిది. 1962లో ఆరంభమైన మశూచి నిర్మూలనోద్యమమున తనిఖీకి వచ్చినవారు భుజములు చూచియే టీకా పడినదీ లేనిదీ తేల్చిరి. 1975 మే నెలతో మశూచి ఈ దేశమును విడిచినది.

1978 నుండియు, 1985లో సార్వత్రిక కార్యక్రమము వచ్చిన పిదపను, టీకాలు పెక్కైనవి. పోలియో చుక్క నాలుకపై కరగిపోవును. తొడకు వేసిన సూది జాడ నిలువదు. బి.సి.జి. మచ్చ తప్ప తక్కిన వానికి చీటియే సాక్షి.

ఈ సీమలో ఆ సాక్షి తరచు ఇంటనే ఉండిపోవును. వానలు మోసగించిన యేట పల్లెలు సుగ్గికి కదలును. గుంటూరు సీమ మిరపకోతలకు, పత్తిచేలకు. ఆరవ వారపు సూది సొంత ఊర పడిన బిడ్డ, పదవ వారమున చేనిగట్టున చీర ఉయ్యాలలో నుండును. చీటి ఆదోని దాపున పల్లెయింటి పెట్టెలో నుండును. అక్కడి నర్సమ్మకు ఈ బిడ్డ యెవరో తెలియదు.

2009లో తల్లీబిడ్డల వివరములు కంప్యూటరు కెక్కినవి. 2016లో ఆంధ్రప్రదేశమున నర్సులకు పలకవంటి టాబ్లెట్లు, అన్మోల్ అను పద్దు వచ్చినవి. కోవిడ్ టీకాలకై 2021లో వచ్చిన కోవిన్ దారిలో, 2023లో యు-విన్ ప్రయోగముగా మొదలైనది. ఏ ఊరి కేంద్రమునందైనను అదే పద్దును తెరచుటయే దాని విశేషము. సుగ్గి బిడ్డకు ఇంతకంటె కావలసినది లేదు.

అయితే ఆ పద్దునకు తాళపుచెవి సెల్‌ఫోను సంఖ్య. అది మేస్త్రీదే కావచ్చును, తిరిగివచ్చునాటికి మారిపోవచ్చును. కనుక మిరపచేల మకాములకు పోవు నర్సమ్మ, సంఖ్యకు ముందు, ఏ ఊరినుండి వచ్చితిరని, బిడ్డ ఎన్నడు పుట్టెనని అడుగుట మేలు.